ఎవ్రీబడీ సారు

“ఎవ్రీబడీ సారు పోయిండు” అని మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒకమ్మాయి పెట్టింది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. ఆయన అసలు పేరు ఒక్కరూ రాయలేదు. రాసినా ఎవరో తెలిసేది కాదు. బోధన్‌లోనూ, చుట్టూ ఉన్న చెరకు ఊళ్లలోనూ ఆయనకు ఆ పేరే ఖాయమైపోయింది. నిజామాబాద్‌లో మా వంటింట్లో నిలబడి ఆ మెసేజ్ చదివాను. ఏడుపు రాలేదు. తప్పు చేసి హెడ్మాస్టరు గది ముందు నిలబడ్డ పిల్లలా ఫోను పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ పేరు ఆయనకు పెట్టింది ఊరే గాని, ఆ మాట అందించింది నేను.

ఆయన సారు కాదు, ఏమీ కాదు. టెంట్ హౌస్ నడిపేవాడు. షామియానాలు, కుర్చీలు, వంట గంజులు, మైకు సెట్టు అన్నీ అద్దెకిచ్చేవాడు. టెంటు ఎవరు కట్టినా ఒప్పుకునేవాడు గాని, మైకు మాత్రం ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. పెళ్లి కానీ, వినాయకుడి మండపం కానీ, రిటైర్మెంట్ సన్మానం కానీ, ముందు ఆయన గొంతు వినపడాల్సిందే. అందులోనూ మొదటి మాట ఇంగ్లీషులో పడాల్సిందే. మైకులో ఇంగ్లీషు పడితేనే కుర్చీల్లో ఉన్నవాళ్లు సర్దుకుని కూర్చుంటారని ఆయన సిద్ధాంతం. ఆ తర్వాత తెలుగులోకి దిగేవాడు, మధ్యలో నాలుగు ఉర్దూ ముక్కలు, మహారాష్ట్ర చుట్టాలు కనపడితే రెండు మరాఠీ ముక్కలు.

నేను బోధన్‌లో ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. రోజూ నిజామాబాద్ నుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని. మా బడి వార్షికోత్సవాలకు టెంటు ఆయనదే కాబట్టి పరిచయం. పాలిపోయిన తెల్లచొక్కా, మెడలో తువ్వాలు. మైకును ముందు ఆ తువ్వాలుతో తుడిచేవాడు, పసిపిల్ల మూతి తుడిచినంత నెమ్మదిగా. తర్వాత గొంతు సవరించుకుని “లేడీస్ అండ్ జెంటిల్మెన్” అనేవాడు. ఆ రెండు మాటల మధ్య కొంచెం ఆగేవాడు. ఆగి, ఆడవాళ్ల వైపు నుంచి మగవాళ్ల వైపుకు తలతిప్పేవాడు. ఆ తల తిప్పడంలో ఉన్న దర్జా చూసి మా టీచర్లం నవ్వుకునేవాళ్లం. నవ్వుకున్నా, ఆయన లేకపోతే ఫంక్షను ఉప్పు లేని పప్పులా ఉంటుందని అందరికీ తెలుసు.

ఆయనకు ఒక అక్క. చిన్నప్పుడే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. తల్లీ తండ్రీ లేకపోతే బీడీలు చుట్టి తమ్ముడిని సాకింది, ఇంటరు దాకా చదివించింది, పెళ్లి చేసింది. తర్వాత రెండు గల్లీల అవతల తనకంటూ ఒక చిన్న ఇల్లు చూసుకుని ఉండేది. మరదలికి ఒంట్లో బాగోకపోతే వచ్చి వండిపెట్టి పోయేది. ఆయన రోజూ పొద్దున అక్క ఇంటికి పోయి చాయ తాగి వచ్చాకే టెంట్ హౌస్ షట్టరు ఎత్తేవాడు.

ఇక పెళ్లి సంగతి. వాళ్ల పెద్దమ్మాయి పెళ్లి. ఇంటి ముందే టెంటు. మగపెళ్లివాళ్లు నిజామాబాద్ వాళ్లు, కొంచెం పెద్దింటివాళ్లు. సొంత బిడ్డ పెళ్లిలో అయినా మైకు వదులుతాడా? కన్యాదానం చేసిన చేత్తోనే మళ్లీ మైకు పట్టుకున్నాడు. మంగళహారతి ఇచ్చే వేళ వచ్చింది. ఏ పెళ్లిలోనైనా ఆయన “ముత్తయిదువలు రాండి” అనే పిలిచేవాడు. ఆ రోజు వియ్యాలవారి ముందు కదా, అది కూడా ఇంగ్లీషులో పడాలనుకున్నాడు. “లేడీస్, ప్లీజ్ కమ్ ఆన్ టు ద స్టేజ్” అన్నాడు.

అందరికంటే ముందు వాళ్లక్క లేచింది. తమ్ముడు కొన్న పట్టుచీర కట్టుకుని ఉంది. లేడీస్ అంటే ఆడవాళ్లని బస్సెక్కే ప్రతి మనిషికీ తెలుసు. ఆమె గబగబా మెట్లెక్కి హారతి పళ్లెం చేతిలోకి తీసుకుంది. మగపెళ్లివారి ఆడవాళ్లలో గుసగుస మొదలైంది. పంతులు మంత్రం ఆపి ఆయన వైపు చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. మైకు నోటి దగ్గరే ఉంది, దాన్ని దించాలని కూడా తోచలేదు ఆ మనిషికి.

“నువ్వు గాదక్కా. నువ్వు కింద కూసో. ముత్తయిదువలు రాండి” అన్నాడు.

అది టెంటులో వినపడింది, వంటల దగ్గర వినపడింది, రోడ్డు మీద కట్టిన మైకు హారన్ల లోంచి బస్తీ అంతా వినపడింది. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమంటారు. మైకులో జారితే ఇంక చెప్పేదేముంది. ఆమె పళ్లెం పంతులు పక్కన పెట్టి, పడిపోకుండా మెట్టుమెట్టుకూ చూసుకుంటూ దిగింది. ఆయన కంగారులో ముందు వరసలో ఉన్న నన్ను చూసి, “మేడం, మీరు రాండి” అన్నాడు. నేను లేచాను. చెంగు సర్దుకుని మరీ లేచాను. ఆమె వదిలిన పళ్లెమే పట్టుకుని హారతిచ్చాను. వీడియోలో బాగా పడాలని కొంచెం నవ్వాను కూడా.

పెళ్లయిన కొన్నాళ్లకు మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన బడికి వచ్చాడు. స్టాఫ్ రూములో నా ఎదుట కూర్చుని తువ్వాలు మడిచాడు, విప్పాడు. పెళ్లి మాట ఎత్తలేదు. “మేడం, లేడీస్ అండ్ జెంటిల్మెన్ ఇగ బంద్ జేద్దామనుకుంటున్న. ఆడ మగ అని ఇడగొట్టకుంట, ఒక్క మాటల అందరొచ్చేటిది ఇంగ్లీషుల ఏమన్న ఉంటె చెప్పుండ్రి” అన్నాడు.

ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలుసు. తెలిసి కూడా తెలియనట్టే ఉన్నాను. ఎవరైనా నన్ను ఇంగ్లీషులో అనుమానం అడిగితే నా అంత మనిషి లేదనిపించే జబ్బు ఒకటి నాకుంది. లోకంలో ఇప్పుడందరూ అట్లాగే మారుతున్నారనీ, పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూడా లేడీస్ అండ్ జెంటిల్మెన్ తగ్గించేశారనీ ఒక చిన్న పాఠం చెప్పి, “ఫ్రెండ్స్ అనండి” అన్నాను.

ఆయన దాన్ని ఒక వరపూజలో వాడి, తర్వాతి వారం తిరిగొచ్చాడు. మగపెళ్లివారి తరఫు పెద్దాయనెవరో మేమెప్పుడు దోస్తులమైనమని మొఖం ముడుచుకున్నాడట. బ్రదర్స్ అండ్ సిస్టర్స్ సంగతి నేనెత్తకముందే కొట్టేశాడు. పెళ్లిలో అందరినీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు చేస్తే ఇక బావలూ మరదళ్లూ ఎక్కడికి పోవాలన్నాడు. అదీగాక అందులోనూ ఆడా మగా రెండు డబ్బాలే కదా అన్నాడు. ఎల్డర్స్ అండ్ చిల్డ్రన్ అంటే నడీడు వాళ్లు కుర్చీలోంచి లేవరన్నాడు. కామ్రేడ్స్ అంటే ఫ్యాక్టరీ గేటు ముందు మీటింగ్ అనుకుంటారని తనే అనుకుని తనే నవ్వాడు. ఫోక్స్ అని చెప్తే, ఫోక్ సాంగ్ పాడతాడనుకుని పిల్లలు ముందుకొచ్చి డాన్సుకు నిలబడతారన్నాడు.

ఇప్పటి పిల్లలు ఆడామగా అందరినీ గైస్ అంటారని మా అమ్మాయిని చూసి నేర్చుకున్న సంగతి చెప్పాను. ఒక కాలేజీ ఫేర్‌వెల్‌లో అన్నాడు. పిల్లలు ఈలలు వేశారు. అయినా ఆయనకు నచ్చలేదు. అన్న అంగీ తెచ్చి చెల్లెకు తొడిగినట్టుందట. ఆ పోలిక నాకు చాలా నచ్చింది. మరునాడు క్లాసులో నా మాటలాగా చెప్పుకున్నాను.

అప్పుడు నేను “డియర్ గెస్ట్స్ అనండి, గొడవే ఉండదు” అన్నాను.

ఆయన తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, “గెస్ట్స్ అంటె ఇంటోళ్లు రారు గద మేడం. తోడబుట్టింది గెస్టా?” అన్నాడు. అని నా మొఖంలోకి చూశాడు.

ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఆ మనిషి తలుపు తీసి నిలబడ్డాడు. నేను లోపలికి పోలేదు. పోతే హారతి పళ్లెం సంగతి వస్తుంది. అది నా చేతిలో ఉన్న సంగతి వస్తుంది. బెల్లు కొట్టే వేళయిందని గోడ గడియారం వైపు చూసి, “అయితే ఎవ్రీబడీ అనండి. అందులో ఎవరూ మిగలరు” అన్నాను. ఆయన ఆ మాటను లోలోపల అనుకుని చూసుకున్నాడు. థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. నేను హాయిగా అన్నం డబ్బా మూతపెట్టి క్లాసుకు పోయాను.

అప్పటి నుంచి మొదలైంది ఆ విచిత్రం. మైకు తుడిచి, “గుడ్ ఈవినింగ్ ఎ...వ్రీ...బడీ” అని సాగదీస్తూ, నిలబడ్డచోటే గుండ్రంగా తిరిగేవాడు. స్టేజీ వైపు మొదలుపెట్టి, కుర్చీల మీదుగా, వంటవాళ్ల మీదుగా, రోడ్డు మీద నిలబడి తొంగిచూసేవాళ్ల దాకా తిరిగి, మళ్లీ స్టేజీకి వచ్చేసరికి మాట పూర్తయ్యేది. మైకు వైరు కాళ్లకు చుట్టుకునేది. దాన్ని విప్పుకోవడానికి వెనక్కి ఇంకో చుట్టు తిరిగేవాడు. జనం పడీపడీ నవ్వేవాళ్లు. పేరు అట్లా వచ్చింది. పిల్లలు రోడ్డు మీద కనపడితే చాలు గుండ్రంగా తిరిగి చూపించేవాళ్లు. ఆయనకు కోపం వచ్చేది కాదు.

టెంట్ హౌస్‌లో లేడీస్ అనీ జెంట్స్ అనీ రాసిన రేకు బోర్డులుండేవి, భోజనాల దగ్గర పెట్టేవి. వాటికి రంగు వేయించి అన్నింటి మీదా భోజనాలు అనే రాయించాడు. ముత్తయిదువలను పిలవాల్సి వస్తే మైకు పంతులు చేతిలో పెట్టి, తను జనరేటరు దగ్గరికి పోయి నిలబడేవాడు. హారతి అయ్యాక వచ్చి మైకు తీసుకునేవాడు. మాక్లూర్‌లో ఒక పెళ్లిలో పంతులు గొంతు పోయిందని, మీరే పిలవమని ఎంత బతిమాలినా వినలేదు. ఆడపెళ్లివాళ్లు అలిగారు. ఆ ఊరి నుంచి మళ్లీ పిలుపు రాలేదు.

సొంత బస్తీలో ఎక్కడ టెంటు వేసినా ఒక హారన్ మాత్రం జనం వైపు కాకుండా అవతలి గల్లీ వైపు తిప్పి కట్టించేవాడు. ఎందుకని అడిగితే సౌండు బాగా తిరుగుతుందనేవాడు. ఆ గల్లీలో వాళ్లక్క ఇల్లుందని తెలిసినవాళ్లకు తెలుసు. ఆమె పెళ్లినాడు కూడా గొడవ పడలేదు. అన్నం తినే పోయింది. తర్వాతా వచ్చింది, పోయింది, మరదలికి వండిపెట్టింది. కానీ మైకు ఉన్న టెంటు కిందికి మాత్రం ఇంక రాలేదు. అడిగితే, చెవులు గుయ్యిమంటయి అనేది.

మనవరాలి ఉయ్యాల ఫంక్షనుకు నన్నూ పిలిచాడు. ఆ రోజు ఆయన చుట్టు తిరగలేదు. గల్లీ మలుపు వైపే నిలబడి, “ఎవ్రీబడీ, ప్లీజ్ కమ్” అన్నాడు. కాసేపాగి మళ్లీ అన్నాడు. తెలుగులో, “అందరు రావాలె, ఎవ్వరు ఇంట్ల ఉండొద్దు” అన్నాడు. తర్వాత మైకు పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. కరెంటు పోయిందనుకున్నారు జనం. నేను కూర్చున్న కుర్చీ నుంచి ఆమె ఇల్లు ఎంత దూరం? లేచి, పోయి, చెయ్యి పట్టుకుని తీసుకురావచ్చు. పక్కావిడ బగారన్నం చల్లారిపోతుందంటే లేచి పంక్తిలోకి పోయాను. సిగ్గు లేకుండా రెండోసారి వడ్డించుకున్నాను కూడా.

వాట్సాప్ మెసేజ్ వచ్చిన కొన్ని రోజులకు పరామర్శకు బోధన్ పోయాను. అస్థికలు కందకుర్తి దగ్గర గోదావరిలో కలిపి వచ్చారట. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆసుపత్రిలో చివరి రోజు కూడా నర్సులకు గుడ్ మార్నింగ్ ఎవ్రీబడీ చెప్పాడని ఏడుస్తూనే నవ్వింది. మీ వదిన ఎక్కడ అంటే, తన ఇంటికి పోయిందని చెప్పింది. ఈసారి నా కాళ్లు అటే నడిచాయి. ఇప్పుడెవరు పిలిచారని పోతున్నానో నాకే తెలియదు.

ఆమె గడపలో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. బాగా ముసలిదైపోయింది, వేళ్లు మాత్రం వాటి పని అవి చేస్తున్నాయి. నన్ను గుర్తుపట్టి పీట జరిపింది. తమ్ముడి గురించి మాట్లాడింది. చిన్నప్పుడు ఇత్తడి గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని హలో హలో అనేవాడట, తను బీడీ ఆకులు కత్తిరిస్తూ చప్పట్లు కొట్టేదట. గా ఇంగ్లీషు మాట నువ్వే చెప్పినవంట గద టీచరమ్మా అని అడిగింది. అవునన్నాను.

“ఆ మాటతో ఆయన నిన్నే పిలిచిండక్కా. అన్నేండ్లు నిన్నే పిలిచిండు” అన్నాను. ఆమెకు తెలియదేమో, చెప్తే కొంచెం చల్లబడుతుందేమో అనుకున్నాను.

“ఎరుకే బిడ్డా. గా హారన్ ఇటుదిక్కు ఎందుకు కట్టిండో నాకెరుక లేదా. కని అందరు రాండి అంటె నేనెందుకు లేస్త? లేడీస్ అన్ననాడు లేసిన. నా తమ్ముడు నా కోసమే గా మాట తెచ్చిండనుకున్న. మొగడు సచ్చినకాడికెల్లి ఎవ్వలు పిలువని దాన్ని, నన్ను గూడ కలుపుకోనీకె గట్ల పిలిసిండనుకున్న.”

దారం చుట్టి తెంపింది. ఇంకో ఆకు తీసుకుంది.

“రోజు వచ్చెటోడు. గీడనే కూసుండి చాయ తాగెటోడు. ఊరి ముచ్చట్లన్ని చెప్పెటోడు. గా ముచ్చట తీస్తడేమో, తీస్తడేమో అని సూసేదాన్ని. గ్లాసు కడిగిపెట్టి పోయెటోడు. పొద్దుమూకితె మైకుల పట్టి ఊరందర్ని పిలిసెటోడు.”

నాకు కూర్చోబుద్ధి కాలేదు, లేవబుద్ధీ కాలేదు. ఇన్నేళ్లూ ఆ పళ్లెం బరువు ఆయన ఒక్కడిదే అన్నట్టు తిరిగాను. ఇప్పుడు కూడా ఆయన తరఫున మాట్లాడటానికే వచ్చాను గాని, నా తరఫున కాదు. అది తట్టేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది.

“అక్కా, ఆ రోజు నీ చేతిల పళ్లెం నేను పట్టుకున్న. పట్టుకోకుంట ఉండాల్సింది. నిన్ను దింపినాక నేను ఎక్కొద్దుండె. తప్పయింది” అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. చాట పక్కన పెట్టింది. పొగాకు అంటిన వేళ్లు చీరకు తుడుచుకుని నా మోకాలి మీద వేసింది. కళ్లు నిండాయి గాని ఆమె వాటిని పట్టించుకోలేదు.

“గింతే గద బిడ్డా” అంది. “వాడు గూడ గింతే అంటె అయిపోతుండె.”

ఆయన నా దగ్గరికి మాట అడగడానికి వచ్చిన రోజు, నేను ఆయనకు ఇంగ్లీషు చెప్పాను.